సౌర కుటుంబం అంచుల్లోని శకలాలు నక్షత్రాలకు అడ్డొచ్చినప్పుడు: అనంతపురం, కర్నూలు, కడప నుంచి చూసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ పిల్లలు, సైన్సు టీచర్లు, కొత్తగా టెలిస్కోప్ కొన్నవాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే. ఎక్కడ మొదలుపెట్టి చదివినా అర్థమయ్యేలా ఏ జవాబుకు ఆ జవాబు విడిగా రాశాను. మన మూడు ఊళ్లను దృష్టిలో పెట్టుకున్నాను కాబట్టి ఇక్కడి గాలి, మబ్బు, మిద్దెల సంగతి కూడా ఉంటుంది.

## మొదలుపెట్టక ముందు

అసలు ఇందులో చూసేదేమిటి?

ఒక నక్షత్రాన్ని. దాని ముందు నుంచి సౌర కుటుంబానికి చెందిన ఏదో ఒక బండ దాటుతుంది. ఆ బండ మన టెలిస్కోప్‌కు కనపడదు, కనపడాల్సిన పని కూడా లేదు. నక్షత్రం ఉన్నట్టుండి ఆరిపోతుంది, కొన్ని సెకన్ల తర్వాత మళ్లీ వెలుగుతుంది. ఎప్పుడు ఆరింది, ఎప్పుడు వెలిగింది అనే ఆ రెండు సమయాలే మనకు కావాల్సింది. దీన్నే ఆకల్టేషన్ అంటారు. సూర్యగ్రహణంలో చంద్రుడి నీడ నేల మీద పరుగెత్తినట్టే, ఇక్కడ నక్షత్రపు వెలుగులో ఆ బండ నీడ పరుగెత్తుతుంది. నక్షత్రం అంతులేని దూరంలో ఉంటుంది కాబట్టి నీడ వెడల్పు ఇంచుమించు బండ వెడల్పే.

హబుల్ లాంటి అంతరిక్ష టెలిస్కోపులు ఉండగా మా ఎనిమిది అంగుళాల టెలిస్కోప్‌తో కొత్తగా తెలిసేదేముంది?

చాలా ఉంది. నెప్ట్యూన్ అవతల తిరిగే క్వావార్‌నే తీసుకోండి. దాని అడ్డుకొలత సుమారు 1,100 కిలోమీటర్లు. దూరం దాదాపు 640 కోట్ల కిలోమీటర్లు. అంత దూరం నుంచి చూస్తే అది ఆకాశంలో ఒక డిగ్రీలో లక్షో వంతు మాత్రమే ఉంటుంది. హబుల్‌కు కూడా అది చుక్క కంటే పెద్దగా ఏమీ కాదు. కానీ దాని నీడ మన నేల మీద సెకనుకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. నక్షత్రం ఆరిన క్షణాన్ని సెకనులో పదో వంతు వరకు మీరు పట్టుకోగలిగితే, ఆ బండ అంచును రెండున్నర కిలోమీటర్ల తేడాతో కొలిచినట్టు. ఈ పనిలో అద్దం సైజు కంటే గడియారం, మీరు నిలబడ్డ చోటు ముఖ్యం. అనంతపురం మీదుగా నీడ వెళ్లే రాత్రి, దాన్ని చూడగలిగేది ఆ నీడ దారిలో ఉన్నవాళ్లే.

ఈ పద్ధతిలో నిజంగా ఏమైనా కనుక్కున్నారా?

యురేనస్ వలయాలు ఇలాగే దొరికాయి. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రం ముందు నుంచి వెళ్లింది. గ్రహం అడ్డురాక ముందూ వెళ్లిన తర్వాతా నక్షత్రం కొన్నిసార్లు క్షణకాలం మసకబారింది. విమానంలో అమర్చిన టెలిస్కోప్‌తో అమెరికా బృందం దాన్ని పట్టుకుంది. అదే రాత్రి తమిళనాడులోని కావలూరులో 1 మీటరు టెలిస్కోప్‌తో మనవాళ్లూ ఆ మసకబారడాన్ని రికార్డు చేశారు. అది కొత్త ఉపగ్రహమేమో అని మొదట అనుకున్నారు. కావలూరు మన కడపకు ఇంచుమించు నేరుగా దక్షిణాన, 210 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇంత పెద్ద విషయం మన పక్కనే నమోదైందని చెబితే పిల్లల కళ్లు వెలుగుతాయి, అందుకే ప్రతిచోటా చెబుతాను.

తర్వాత వరసగా వచ్చాయి. 2013 జూన్ 3న చారిక్లో అనే 250 కిలోమీటర్ల శకలానికి రెండు వలయాలు కనపడ్డాయి. ఒక చిన్న శకలం చుట్టూ వలయం ఉండటం అదే మొదటిసారి తెలిసింది. 2017 జనవరి 21న నెప్ట్యూన్ అవతల తిరిగే హౌమియాకు వలయం దొరికింది. 2023లో క్వావార్ వలయం సంగతి ప్రకటించారు. అది ఉండకూడనంత దూరంలో ఉంది. అంత దూరంలో ఉన్న ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని చందమామలా మారిపోవాలి, కానీ వలయంగానే ఉన్నాయి. ఎందుకో అన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య నడుస్తూనే ఉంది. ప్లూటో వాతావరణం సంగతీ ఇంతే. 2020 జూన్ 6న ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్ టెలిస్కోపులతో ప్లూటో ఆకల్టేషన్ చూసి అక్కడి గాలి ఒత్తిడిని లెక్కగట్టారు.

నక్షత్రం మరుగైతే దోషమా? గ్రహణం నియమాలు పాటించాలా?

అవసరం లేదు. ఈ నక్షత్రాల్లో చాలా వరకు కంటికి ఆనేవి కూడా కావు. జరిగేదల్లా ఒక బండ వాటి వెలుగును కొన్ని సెకన్లు అడ్డుకోవడమే. గర్భిణులైనా పసిపిల్లలైనా వచ్చి చూడొచ్చు, భోజనం చేసి చూడొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు సందేహం ఉంటే వాళ్లనూ మిద్దె మీదికి పిలిచి కూర్చోబెట్టండి.

నేరుగా ప్లూటో, క్వావార్‌లతో మొదలుపెట్టొచ్చా?

వద్దు. ముందు చంద్రుడితో చేయి తిప్పుకోండి. శుక్లపక్షంలో సాయంత్రం పూట చంద్రుడి చీకటి అంచు నక్షత్రాలను ఒక్కొక్కటిగా మింగుతూ పోతుంది. ఈ ఏళ్లలో చంద్రుడు కృత్తికల మీదుగా వెళ్తున్నాడు, చూడటానికి అంతకంటే మంచి పాఠం లేదు. తర్వాత అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే శకలాలు పట్టండి. వాటి నీడలు తరచుగా మన జిల్లాల మీదుగా వెళ్తుంటాయి, నక్షత్రం కొన్ని సెకన్లు ఆరుతుంది. ఈ రెండూ చేతికి అలవాటయ్యాక దూరపువాటి దగ్గరికి వెళ్తే టెన్షన్ ఉండదు.

## ఏ రాత్రి, ఏ నక్షత్రం

నీడ మా ఊరి మీద పడుతుందని ముందే ఎలా తెలుస్తుంది?

ఆకల్ట్ వాచర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే రాబోయే ఘటనల జాబితా ఇస్తుంది. అనంతపురం సుమారు 14.68 ఉత్తరం, 77.60 తూర్పు. కర్నూలు 15.83, 78.04. కడప 14.47, 78.82. పరిశీలన రోజుకు మాత్రం టెలిస్కోప్ కాళ్లు ఉన్న చోటు విలువ కావాలి, ఊరి విలువ కాదు. నెప్ట్యూన్ అవతలి వాటికి ప్యారిస్ నుంచి నడిచే లక్కీ స్టార్ ప్రాజెక్టు అంచనాలు విడిగా చూసుకోండి.

నీడ దారికి మా ఊరు 200 కిలోమీటర్ల అవతల ఉంది. చూడటం దండగేనా?

దగ్గరి శకలమైతే మీరే ప్రయాణం కట్టాలి. దూరపుదైతే ఇంట్లోంచే తప్పకుండా చూడండి. గయా ఉపగ్రహం పుణ్యమా అని నక్షత్రాల స్థానాలు ఇప్పుడు చాలా కచ్చితంగా తెలుసు. అంత బాగా తెలియనిది దూరపు శకలం కక్ష్య. భూమి నుంచి సూర్యుడికున్న దూరానికి 40 రెట్ల దూరంలో, ఒక ఆర్క్‌సెకనులో (డిగ్రీలో 3,600వ వంతు) వెయ్యో వంతు తేడా వస్తే నీడ 29 కిలోమీటర్లు జరుగుతుంది. కక్ష్యలో అలాంటివి ఇరవై తేడా ఉండటం వింతేమీ కాదు. అప్పుడు కర్నూలు మీద పడుతుందనుకున్న నీడ నాగపూర్ దాకా పోతుంది. అలాగే అటు పడుతుందనుకున్న నీడ ఇటూ రావచ్చు కదా! మ్యాపులో మధ్య గీతతో పాటు, దానికి అటూ ఇటూ గీసిన పొరపాటు హద్దులు కూడా చూసి నిర్ణయించుకోండి.

అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా ఒకరొకరు చూస్తే లాభముందా?

చాలా. అయితే ఎవరు ఎక్కడ ఉంటే లాభమో నీడ దిక్కు చెబుతుంది. ఒక్కో చోటు నుంచి కొలిచిన వ్యవధిని కిలోమీటర్లలోకి మార్చితే, ఆ శకలాన్ని అడ్డంగా కోసే ఒక జ్యా వస్తుంది, లెక్కల పుస్తకంలో వృత్తానికి గీసే జ్యా లాంటిదే. ఒక్క జ్యాతో బండ కనీసం ఎంత ఉందో తెలుస్తుంది. మూడు జ్యాలైతే ఆరు అంచు బిందువులు దొరుకుతాయి. దీర్ఘవృత్తాన్ని నిర్ణయించడానికి ఐదు బిందువులు కావాలి, కాబట్టి ఆకారం కూడా బయటపడుతుంది.

ఇప్పుడు మన మ్యాపు చూడండి. నీడ తూర్పు నుంచి పడమరకు సాగుతోందనుకుందాం. దూరపు శకలాలు రాత్రి నడినెత్తికి వచ్చే రోజుల్లో నీడ ఎక్కువగా అటువైపే నడుస్తుంది. కడప, అనంతపురాల మధ్య ఉత్తర దక్షిణాలుగా తేడా 23 కిలోమీటర్లే. వెయ్యి కిలోమీటర్ల బండ విషయంలో ఆ రెండు చోట్లా వచ్చేది ఇంచుమించు ఒకే జ్యా. కడపలో ఆరిన ఐదు సెకన్లకు అనంతపురంలో ఆరుతుంది, అంతే. కర్నూలు మాత్రం అనంతపురానికి ఉత్తరంగా దాదాపు 128 కిలోమీటర్లు ఉంది, అక్కడి జ్యా వేరు. ఇద్దరే దొరికితే ఒకరిని కర్నూలుకు పంపండి. ముగ్గురుంటే మూడోవారు హిందూపురం వైపు వెళ్లడం కడపలో ఉండటం కంటే మేలు. అయినా రెండు చోట్ల ఒకే జ్యా రావడం వృథా కాదు. ఒకచోట మబ్బు పట్టినా, ఒకరి గడియారం మీద అనుమానం వచ్చినా రెండోది ఆదుకుంటుంది.

ఏ నెలలు మనకు అనుకూలం?

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. హౌమియా స్వాతి నక్షత్రం ఉన్న ప్రాంతంలోనే ఉంది. నెప్ట్యూన్ అవతలిదే అయిన మాకేమాకే దానికి కొంచెం పడమరగా ఉంది. ఈ రెండూ ఉగాది రోజుల్లో రాత్రి బాగా పైకొస్తాయి, మన ఆకాశం అప్పటికి శుభ్రంగా ఉంటుంది. ప్లూటో, క్వావార్‌లు జూన్, జూలైలలో నడినెత్తికి వస్తాయి. క్వావార్ పాలపుంత దట్టంగా ఉన్న చోట ఉండటం వల్ల దానికి ఎదురయ్యే నక్షత్రాలు ఎక్కువ, కానీ అప్పుడు మనకు మబ్బులు. వాన పడకపోయినా మబ్బు పోదు, రైతుకూ మనకూ అది బాధే. అయినా ఆ నెలల్లో మధ్యరాత్రి తర్వాత అరగంట తెరిపి దొరికే రాత్రులుంటాయి, టెలిస్కోప్‌ను మూటగట్టి పెట్టకండి.

## సామగ్రి

ఎంత పెద్ద టెలిస్కోప్ కావాలి?

నక్షత్రం వెలుగును బట్టి. 12వ మాగ్నిట్యూడ్ (వెలుగును చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ నక్షత్రం మసక) వరకు ఎనిమిది అంగుళాలది చక్కగా సరిపోతుంది. ప్రకాశవంతమైన నక్షత్రమైతే నాలుగు అంగుళాలదైనా చాలు. శకలం ఎంత మసగ్గా ఉన్నా ఫరవాలేదు. నిజానికి అది ఎంత మసగ్గా ఉంటే నక్షత్రం ఆరడం అంత స్పష్టంగా తెలుస్తుంది.

ఫోన్లో టైము చూసి రాసుకుంటే సరిపోదా?

సరిపోదు. ఇది అన్నిటికంటే ముఖ్యమైన జవాబు, కాస్త ఓపిగ్గా చదవండి. ఫోన్ టైము సెకను అటూ ఇటూ ఉండొచ్చు. ఒక సెకనంటే నేల మీద 25 కిలోమీటర్లు. పక్క ఊరివాళ్ల కొలతతో మీది కలపాలంటే ఇద్దరి గడియారాలూ ఒకే మాట చెప్పాలి. లేకపోతే గుండ్రటి బండ కూడా లెక్కలో సొట్టగా వస్తుంది.

మంచి దారి జీపీఎస్. క్యూహెచ్‌వై 174 జీపీఎస్ లాంటి కెమెరాలు ప్రతి ఫ్రేము మీదా జీపీఎస్ టైమును ముద్రిస్తాయి. ధర ఎక్కువ, కాలేజీలో నలుగురు కలిసి కొనుక్కోవడం మేలు. పాత వీడియో కెమెరా అయితే టైమును వీడియో మీదే రాసే జీపీఎస్ పెట్టె తగిలించుకోవచ్చు. ల్యాప్‌టాప్‌ను ఇంటర్నెట్ టైముకు కలిపి వాడటం మూడో దారి. అందులో ల్యాప్‌టాప్ టైము సరిగ్గానే ఉన్నా, కెమెరా నుంచి యూఎస్‌బీ తీగ గుండా ఫ్రేము రావడానికి పట్టే ఆలస్యం ఎంతో తెలియదు. ఆ ఆలస్యాన్ని ముందే కొలిచి పెట్టుకోవాలి.

జీపీఎస్ ఉన్నా ఒక జాగ్రత్త. జీపీఎస్ సొంత గడియారం ప్రపంచ సమయం కంటే 18 సెకన్లు ముందుంటుంది. ఆ తేడా సమాచారం ఉపగ్రహం నుంచి దిగడానికి పన్నెండున్నర నిమిషాల వరకు పడుతుంది. పెట్టెను ఆన్ చేసి పావుగంట ఆకాశం కింద ఉంచిన తర్వాతే దాని మాట నమ్మండి.

ఎక్స్‌పోజర్ (ఒక్కో ఫ్రేము వెలుగు పట్టే సమయం) ఎంత పెట్టాలి?

నక్షత్రం ఎంతసేపు మరుగవుతుందో అంచనా చూసి, అంతసేపట్లో కనీసం పది ఫ్రేములు పడేలా పెట్టండి. నాలుగు సెకన్ల ఘటనకు 0.2 సెకన్లు బాగుంటుంది. అంతకంటే తగ్గిస్తే మసక నక్షత్రం కెమెరా బొమ్మలోని చుక్కల గోలలో (నాయిస్) కలిసిపోతుంది. ఫ్రేముల మధ్య ఖాళీ లేకుండా చూసుకోండి. నక్షత్రం తెల్లగా పగిలిపోయేంత గెయిన్ (కెమెరాలో వెలుగును పెంచే సెట్టింగు) పెట్టొద్దు.

మోటారు లేని డాబ్సోనియన్ (చేత్తో తిప్పే టెలిస్కోప్) పనికొస్తుందా?

వస్తుంది. నక్షత్రం దారిలో ముందుగానే గురిపెట్టి వదిలేస్తే భూమి తిరుగుడుకు అదే ఫ్రేములోకి వస్తుంది. చిన్న ఘటనలకు సరిపోతుంది, వలయాల కోసం నిమిషాల తరబడి చూడాలంటే కష్టం.

## ఆ రాత్రి

మిద్దె మీద పెట్టుకోవచ్చా, చేనుకే వెళ్లాలా?

ప్రకాశవంతమైన నక్షత్రానికి మిద్దె చాలు. స్లాబు మధ్యలో మాత్రం పెట్టొద్దు. ఎవరు నడిచినా ఆ అదురు నక్షత్రాన్ని ఫ్రేములోంచి బయటికి నెట్టేస్తుంది. కింద గోడ లేదా దూలం ఎక్కడుందో చూసుకుని సరిగ్గా దాని మీద కాళ్లు వచ్చేలా నిలపండి. కడప బండలు పరిచిన మిద్దెలు ఎండకు కాగి అర్ధరాత్రి దాకా సెగలు విడుస్తాయి, నక్షత్రం వాచినట్టు కనపడుతుంది. మనకు కావాల్సింది వెలుగు లెక్కే, పదును కాదు కాబట్టి భయపడాల్సిన పని లేదు. సాయంత్రం రెండు బిందెల నీళ్లు పోస్తే ఇంకా మంచిది.

చేనుకు వెళ్తే గట్టి నేల చూసుకోండి. దుక్కి నేలలో కాళ్లు దిగబడతాయి, కాలికి ఒక్కో నాపరాయి ముక్క వేస్తే కదలదు. తేళ్లుంటాయి, బూట్లు వేసుకోండి. కర్నూలులో తుంగభద్ర, కేసీ కాలువ దగ్గర చలికాలం మంచు పట్టి లెన్సు మసకబారుతుంది. అనంతపురం వైపు ఆ బాధ తక్కువ.

గాలికి టెలిస్కోప్ ఊగిపోతోంది. ఏం చేయాలి?

రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టారంటేనే ఆషాఢం గాలి ఎలాంటిదో తెలుసు. కారునో ట్రాక్టర్‌నో గాలికి అడ్డంగా నిలబెట్టి దాని చాటున అమర్చుకోండి. ఇది చిన్నతనమేమీ కాదు. 2017 జూలై 17న అరోకోత్ అనే శకలం నీడ కోసం అర్జెంటీనాలోని పటగోనియాలో ఇదే చేశారు. అక్కడి ఊరివాళ్లు హైవే మీద వాహనాలు ఆపి, లారీలను గాలికి అడ్డంగా నిలబెట్టారు. ఐదు టెలిస్కోపులకు ఆ నీడ చిక్కింది. తర్వాత 2019 జనవరి 1న న్యూ హొరైజన్స్ నౌక ఆ శకలం పక్క నుంచి వెళ్లింది.

కెమెరాలో ఉన్నది ఆ నక్షత్రమే అని ఎలా తేల్చుకోవాలి?

ఒకటి రెండు రోజుల ముందే, అదే గంటకు అదే చోటును వెతికి చూడండి. చుట్టుపక్కల నక్షత్రాల ఆకారాన్ని మ్యాపుతో పోల్చి ఫొటో దాచుకోండి. దర్పణం వల్ల బొమ్మ తిరగబడి ఉంటుందని మరవొద్దు. ఘటన రోజు వెతుకులాట మొదలుపెడితే ఆలస్యమవుతుంది.

రికార్డింగ్ ఎంతసేపు?

మరుగు నలభై సెకన్లే కావచ్చు, కానీ ముందూ వెనకా కనీసం ఐదేసి నిమిషాలు తీయండి. క్వావార్ వలయం దాని కేంద్రం నుంచి దాదాపు 4,100 కిలోమీటర్ల దూరంలో ఉంది. సెకనుకు 25 కిలోమీటర్ల లెక్కన అది అసలు మరుగు మధ్య క్షణానికి దాదాపు మూడు నిమిషాల ముందొకసారి, తర్వాతొకసారి నక్షత్రం మీదుగా వెళ్తుంది. నక్షత్రం మళ్లీ వెలిగింది కదా అని సంబరంగా కెమెరా ఆపేస్తే అది పోయినట్టే.

రాత్రిపూట చేలో లైట్లు చూసి ఊరివాళ్లు వచ్చి అడుగుతున్నారు.

ముందు రోజే ఊళ్లో పెద్దలకు, పోలీసు స్టేషన్లో ఒక మాట చెప్పి పెట్టండి. వచ్చినవాళ్లకు స్క్రీన్ మీద నక్షత్రం చూపించండి. ఘటనకు పావుగంట ముందు నుంచి టార్చీలు, ఫోన్ లైట్లు వెయ్యొద్దని అడగండి.

## తర్వాత

నక్షత్రం ఆరలేదు. అయినా పంపాలా?

తప్పకుండా పంపండి. అనంతపురంలో ఆరి, కర్నూలులో ఆరకపోతే ఆ బండ అంచు ఆ రెండు ఊళ్ల జ్యాల మధ్య ఎక్కడో ఉందని తేలుతుంది. కర్నూలు రికార్డు లేకపోతే బండ అటువైపు ఎంత దూరం ఉందో చెప్పలేం. ఏమీ జరగలేదని సిగ్గుపడి పంపని డేటా వల్ల జరిగే నష్టం నన్ను చాలా బాధిస్తుంది. టైము సరిగ్గా ఉండి, నక్షత్రం స్పష్టంగా ఉంటే అది పూర్తి పరిశీలనే.

ఆరింది మబ్బు వల్లా, బండ వల్లా అని ఎలా తెలుస్తుంది?

పక్క నక్షత్రాలు చెబుతాయి. అందుకే ఫ్రేములో మన నక్షత్రంతో పాటు ఇంకో రెండు మూడు ఉండేలా చూసుకోవాలి. మబ్బు వస్తే అన్నీ కలిసి మసకబారతాయి. బండ అయితే మనది ఒక్కటే ఆరుతుంది. గ్రాఫులో వెలుగు గీత నేల మీద గోడలా నిటారుగా పడి, అడుగున చదునుగా సాగి, మళ్లీ నిటారుగా లేస్తుంది.

నిటారుగా కాకుండా మెల్లగా మసకబారింది. కెమెరా తప్పా?

ప్లూటో అయితే కాదు. దాని పలుచటి వాతావరణం నక్షత్రపు వెలుగును వంచి మెల్లమెల్లగా తగ్గిస్తుంది. 1988లో ప్లూటోకు వాతావరణం ఉందని ఖాయమైంది ఇలాగే. గాలి లేని చిన్న శకలానికి అలా వస్తే ఎక్స్‌పోజర్ ఎక్కువైందేమో, నక్షత్రం ఫోకస్ తప్పిందేమో చూడండి. అంచెలంచెలుగా ఆరితే అది జంట నక్షత్రం కావచ్చు.

రిపోర్టులో ఏ తేదీ వెయ్యాలి?

యూటీసీ (ప్రపంచ సమయం) తేదీ. మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేయాలి. 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు చూస్తే యూటీసీలో అది 14వ తేదీ రాత్రి 8:30. తెల్లవారుజామున 5:30 లోపు చూసిన ప్రతిదానికీ తేదీ వెనక్కి వెళ్తుంది. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, టెలిస్కోప్ సైజు, కెమెరా పేరు, టైము ఎలా తీశారు అన్నవి కూడా రాయండి.

ఎవరికి పంపాలి? మా పేరు వస్తుందా?

చిన్న శకలాలైతే ఐఓటీఏ అనే అంతర్జాతీయ ఆకల్టేషన్ సంఘానికి వాళ్ల రిపోర్టు ఫారంలో. నెప్ట్యూన్ అవతలివైతే ఆ ఘటనను అంచనా వేసిన బృందానికి. ఆకల్టేషన్ మీద వచ్చే పరిశోధన పత్రాల్లో ఔత్సాహిక పరిశీలకుల పేర్లు కనిపించడం మామూలే. విద్యార్థులు చూస్తే వాళ్ల పేర్లు ముందే రాసి ఇవ్వండి, తర్వాత చేర్చడం కష్టం.

రిపోర్టు పంపేశాను. వీడియో ఫైళ్లు డిలీట్ చేయొచ్చా?

వద్దు. క్వావార్ వలయం ఆధారాలు 2018 నుంచి 2021 దాకా వేర్వేరు రాత్రులు తీసిన రికార్డుల్లో ఉన్నాయి, అన్నిటినీ కలిపి చూశాకే విషయం ఖాయమైంది. ఫైళ్లను కుదించకుండా, ఫిట్స్ లేదా ఎస్ఈఆర్ రూపంలో, తేదీ, శకలం పేరు, ఊరి పేరుతో ఒక హార్డ్ డిస్కులోను, ఇంకో కాపీ కాలేజీలోను ఉంచండి.